వికటకవి పరీక్ష

జావాస్క్రిప్ట్ నేర్చుకోవడం మొదలుపెట్టిన నెల తిరక్కుండానే ప్రతి విద్యార్థి నోట్స్‌లోకి చేరే కోడ్ ముక్క ఒకటుంది. ఒక మాటను ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటేనా అని తేల్చే పాలిండ్రోమ్ ప్రోగ్రాం అది. మాటను స్ప్లిట్‌తో విడదీస్తాం, రివర్స్‌తో తిప్పుతాం, జాయిన్‌తో అతికించి అసలు మాటతో పోలుస్తాం. అంతా కలిపి ఒకే లైను. ‘లెవెల్’ అని ఇంగ్లిష్‌లో ఇస్తే ట్రూ అంటుంది. అదే కోడ్‌కి తెలుగులో ‘వికటకవి’ అని ఇచ్చి చూడండి, ఫాల్స్ అంటుంది. తెనాలి రామకృష్ణుడి కథ విన్న పిల్లవాడెవరైనా ఎటునుంచి చదివినా ఒకటేనని చెప్పే మాట అది. కన్సోల్‌లో ఎర్ర అక్షరాలు ఉండవు, ఎర్రర్ ఉండదు. కోడ్ నిబ్బరంగా తప్పు జవాబు చెప్పి ఊరుకుంటుంది. కారణం వెతికితే దొరుకుతుంది. మన కంటికి ‘వి’ ఒక అక్షరం, జావాస్క్రిప్ట్‌కి రెండు: ‘వ’ ఒకటి, దాని మీది గుడి ఒకటి. అలా వికటకవిలో మనకు అయిదు అక్షరాలుంటే దానికి ఏడు ముక్కలుంటాయి. ఏడింటినీ తిప్పితే చివరి గుడి మొట్టమొదటికి వచ్చి ఏ హల్లూ లేకుండా నిలబడుతుంది, మొదటి ‘వి’ మీది గుడి పోయి ‘క’ మీద ఎక్కుతుంది. అది వికటకవి ఎలా అవుతుంది?

ఈ అధ్యాయంలో చెప్పదలుచుకున్నది ఇదే. ఒక కోడ్ ముక్క ఎక్కడ తప్పుతుందో తెలిసిన రోజునే అది మీదవుతుంది. అప్పటిదాకా అది ఇంకెవరిదో, వాళ్ల ఊరికీ వాళ్ల భాషకీ వాళ్ల గడియారానికీ సరిపోయేలా రాసుకున్నది. తప్పు బయటపెట్టే పరీక్షలు ఎక్కడో ఉండవు. మీరు రోజూ చదివే పేర్లలో, కట్టే అద్దెలో, గోడ మీది క్యాలెండర్లో ఉంటాయి.

దిల్‌సుఖ్‌నగర్‌నే తీసుకుందాం. ఇక్కడి నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా విజయవాడ హైవేకి రెండు పక్కలా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలకు హైదరాబాద్ ఇక్కడే మొదలవుతుంది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక, ఇక్కడ హాస్టల్లో ఉంటూ అమీర్‌పేటలో కోర్సు చేయడం ఒక్క రైలు పని అయింది. ఇలాంటి చోట వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్న విద్యార్థి, కోర్సు చివర ప్రాజెక్టుగా ఈ ఏరియాలో హాస్టళ్లు వెతికే పేజీ చేస్తున్నాడనుకుందాం. ఏరియా పేరు కొడితే వెతకాలి. అద్దె తక్కువ నుంచి ఎక్కువకు పేర్చాలి. చేరే తేదీ దాచాలి. చేరేవాళ్ల పేరు తీసుకోవాలి. నాలుగింటికీ రెడీమేడ్ కోడ్ క్షణంలో దొరుకుతుంది. నాలుగూ ఇక్కడే, ఈ పేజీలోనే తప్పుతాయి.

మొదట వెతుకులాట. ‘దిల్‌సుఖ్‌నగర్’ అనే పేరుకు జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే 14 అంటుంది. చూస్తే ది, ల్, సు, ఖ్, న, గ, ర్ అని ఏడే కనిపిస్తాయి. గుడి, కొమ్ము, మూడు పొల్లులు కలిపినా 12 అవుతాయి. మిగతా రెండూ కంటికి కనిపించవు. పొల్లు పక్కన ఇంకో హల్లు వస్తే తెలుగు లిపి దాన్ని వత్తుగా మార్చేస్తుంది కాబట్టి, ‘ల్’ కింద ‘స’ వత్తు పడకుండా ఆపడానికి మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతారు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో దాని నంబరు 200సి. ఈ పేరులో అది రెండు చోట్ల ఉంది. తొందరలో ఫోన్లో టైప్ చేసేవాడు ఆ గుర్తు పెట్టడు, అతని తెర మీద ‘దిల్సుఖ్నగర్’ అని పడుతుంది. మనిషికి రెండూ ఒకే ఊరు. ఇంక్లూడ్స్ అనే ఫంక్షన్‌కి రెండూ వేర్వేరు మాటలు, కాబట్టి హాస్టళ్లు ఏమీ లేవని చెబుతుంది. వెతికినవాడు పేజీలో డేటా లేదనుకుని వెళ్లిపోతాడు. ఇంకో విషయం: జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్‌కి తెలుగు పేరు పెట్టుకోవచ్చు, అందులోనూ ఈ అదృశ్య గుర్తును భాష అనుమతిస్తుంది. అంటే చూపుకు దాదాపు ఒకేలా ఉండే రెండు వేరియబుల్స్ ఒకే ఫైల్లో ఉండగలవు.

ఊరి పేరు కూడా ఇదే పాఠం చెబుతుంది. ‘హైదరాబాద్’లో ఐత్వాన్ని యూనికోడ్ రెండు రకాలుగా దాచనిస్తుంది: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింది భాగం అని రెండు గుర్తులుగా. తెర మీద తేడా ఉండదు, ట్రిపుల్ ఈక్వల్స్ పెడితే ఉంటుంది. దీనికి మందు భాషలోనే ఉంది, నార్మలైజ్ అనే ఫంక్షన్. అది రెండు రూపాలనూ ఒకటి చేస్తుంది. అయితే అది అదృశ్య జాయినర్లను ముట్టుకోదు, వాటిని రీప్లేస్‌తో మనమే తీసేయాలి. కాబట్టి వెతుకులాటకు చేయాల్సింది ఇది. ప్రతి ఏరియా పేరు నుంచీ ఒక కీ తయారు చేయండి: నార్మలైజ్ చేసి, 200సి, దాని జోడీ అయిన జీరో విడ్త్ జాయినర్ 200డి నంబర్ల గుర్తులు తీసేసి, స్పేసులూ చుక్కలూ తీసేయండి. వాడుకరి టైప్ చేసినదానికీ అదే ఫంక్షన్ నడిపి, ఆ రెండు కీలనే పోల్చండి. తెర మీద మాత్రం అసలు పేరే చూపించండి. జాయినర్ తీసేసిన పేరును చూపిస్తే తెలుగు చదివేవాడికి కళ్లకు అడ్డం పడుతుంది. ఈ పద్ధతికీ ఒక హద్దుంది. ‘ఎల్‌బీనగర్’, ‘ఎల్బీ నగర్’ దీంతో కలుస్తాయి, ‘ఎల్.బి. నగర్’ హ్రస్వం వల్ల కలవదు, ‘లాల్ బహదూర్ నగర్’ అసలే కలవదు. అక్కడ తెలివైన కోడ్ కోసం వెతక్కండి. ఏ ఏరియాకు ఏయే పేర్లు వాడుకలో ఉన్నాయో చిన్న పట్టిక రాసి పెట్టుకోండి. ఊరి సంగతి తెలిసినవాడు పది నిమిషాల్లో రాసే పట్టిక అది.

అద్దెల సంగతి చూద్దాం. 4500, 5000, 12000 అన్న మూడు అద్దెలున్న అర్రేకి సార్ట్ అని పెడితే వరుస 12000, 4500, 5000 అని వస్తుంది. తక్కువ అద్దె ముందు చూపిస్తానన్న పేజీ అన్నిటికంటే ఖరీదైన గదిని పైన పెడుతుంది. సార్ట్‌కి వేరే ఏమీ చెప్పకపోతే అంకెలను కూడా మాటల్లా చూసి, మొదటి అంకె 1 కాబట్టి 12000ను ముందుకు తెస్తుంది. దీనికి మందు చాలామందికి తెలుసు: ఒకదాన్నుంచి ఇంకొకటి తీసే చిన్న ఫంక్షన్‌ను సార్ట్‌కి ఇవ్వాలి. తెలియనిది ఆ తర్వాతిది. హాస్టల్ ఓనరు అద్దెను 8,500 అని కామా పెట్టి రాసి ఉంటే, అది అంకె కాదు, మాట. దాన్నుంచి తీసివేత చేస్తే నాన్ వస్తుంది, అంటే ‘ఇది అంకె కాదు’ అని. సార్ట్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది, అంటే రెండూ సమానమని. వరుస చెడిపోతుంది, ఎర్రర్ రాదు. పోనీ పార్స్‌ఇంట్ వాడదామంటే అది కామా దగ్గర ఆగిపోయి 8 అని ఇస్తుంది. ఎనిమిది రూపాయల హాస్టల్ పేజీలో అన్నిటికంటే పైకి వస్తుంది. కాబట్టి డేటా లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే కామాలు తీసి నంబర్‌గా మార్చాలి, మారకపోతే అక్కడే ఆపాలి. చూపించేటప్పుడు ఇంటల్ నంబర్‌ఫార్మాట్‌కి తెలుగు–ఇండియా లొకేల్ ఇస్తే 1234567ను మన పద్ధతిలో 12,34,567 అని లక్షల లెక్కన కామాలు పెడుతుంది. లొకేల్ ఇవ్వకపోతే బ్రౌజర్ సెట్టింగును బట్టి 1,234,567 అని అమెరికా లెక్కన రావచ్చు. ఇంకొకటి, సార్ట్ అసలు అర్రేనే మార్చేస్తుంది. అసలుది అలాగే ఉండాలంటే 2023లో భాషలోకి వచ్చిన టుసార్టెడ్ వాడండి.

తేదీ దగ్గర తప్పు ఇంకా లోతైనది, నా వాదనకు గట్టి సాక్ష్యం కూడా అదే. జూన్ 2, 2025ను తీసుకోండి, తెలంగాణ ఆవిర్భావ దినం. జావాస్క్రిప్ట్‌లో నెలలు సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి జూన్ అంటే 5. 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్‌లో ఈ భాషను పది రోజుల్లో తొలిరూపానికి తెచ్చినప్పుడు తేదీల వ్యవహారాన్ని అప్పటి జావా నుంచి తీసుకున్నారు, ఆ సున్నా అక్కడి నుంచి వచ్చిందే. సరే, ఆ తేదీని తయారు చేసి టుఐసోస్ట్రింగ్ పెట్టి, మొదటి పది అక్షరాలు కోసి డేటాబేస్‌లో దాచమని ఎన్నో చోట్ల రాసి ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ కోడ్ నడిపితే 2025-06-01 అని పడుతుంది. ఆవిర్భావ దినం ఒక రోజు ముందుకు జరిగింది. మన అర్ధరాత్రి పన్నెండుకు గ్రీనిచ్ లెక్కన ముందురోజు సాయంత్రం ఆరున్నరే అయి ఉంటుంది, ఆ ఫంక్షన్ గ్రీనిచ్ లెక్కనే రాస్తుంది. న్యూయార్క్‌లో కూర్చుని ఈ లైను రాసినవాడికి తప్పు ఎప్పటికీ కనబడదు. అక్కడి అర్ధరాత్రికి గ్రీనిచ్‌లో అదే తేదీ తెల్లవారుజాము. ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. తేదీని ‘2025-06-02’ అని మాటగా ఇచ్చి డేట్ తయారు చేస్తే, భాష దాన్ని గ్రీనిచ్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మనకు అది జూన్ 2 ఉదయం అయిదున్నర, తేదీ సరిగ్గానే కనిపిస్తుంది. న్యూయార్క్‌లో అదే పేజీ జూన్ 1 అని చూపిస్తుంది. ఈసారి కొత్తపేటలో కూర్చుని రాసినవాడికి తప్పు కనబడదు. రాసినవాడు ఉన్న చోటు కోడ్‌లో ఎలా దాక్కుంటుందో ఇంతకంటే తేటగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. చేరే తేదీకి గంటలతో పని లేదు కనుక, సంవత్సరం, నెలకు ఒకటి కలిపి, రోజు విడివిడిగా తీసుకుని ప్యాడ్‌స్టార్ట్‌తో రెండంకెలు చేసి, మాటగానే దాచడం ఉత్తమం.

ఇక పేరు పెట్టె. పేరు పది అక్షరాలు దాటకూడదని మ్యాక్స్‌లెంగ్త్ 10 పెట్టారనుకోండి. ‘వెంకటేశ్వర్లు’లో మన కంటికి వెం, క, టే, శ్వ, ర్లు అని అయిదే అక్షరాలు, బ్రౌజర్ లెక్కలో 13. పదో ముక్క దగ్గర ఆగితే మిగిలేది ‘వెంకటేశ్వర’. మనిషి పేరు మారిపోయింది, అతను చూసుకోకపోతే హాస్టల్ రసీదు మీద, ఆధార్‌తో సరిచూసే రిజిస్టర్లో అదే పడుతుంది. అక్షరాన్ని మనిషి లెక్కపెట్టినట్టు లెక్కపెట్టడానికి భాషలో ఒక సాధనం ఉంది, ఇంటల్ సెగ్మెంటర్. తెలుగు లొకేల్ ఇచ్చి, గ్రాఫీమ్ స్థాయిలో విడగొట్టమంటే ‘వి’ని ఒక ముక్కగా ఇస్తుంది. ఆ ముక్కల వరుసను తిప్పి చూస్తే వికటకవి మళ్లీ వికటకవే అవుతుంది, కోడ్ ట్రూ అంటుంది. ఎమోజీల కోసమని స్ప్లిట్ బదులు మూడు చుక్కల స్ప్రెడ్ వాడమనే సలహా ఒకటి ఉంది. అది ఎమోజీలు కొన్నిటికి పనికొస్తుంది గానీ గుడినీ కొమ్మునూ హల్లు నుంచి విడదీస్తూనే ఉంటుంది, తెలుగుకు దాంతో ఒరిగేదేమీ లేదు. సెగ్మెంటర్ క్రోమ్‌లో 2020 నుంచి, సఫారీలో 2021 నుంచి ఉంది, ఫైర్‌ఫాక్స్‌లోకి 2024 ఏప్రిల్‌లో వచ్చింది. ‘శ్వ’ లాంటి వత్తు అక్షరాన్ని ఒకటిగా పట్టుకోవాలన్న నియమం యూనికోడ్‌లో 15.1 వెర్షన్‌తో 2023లో చేరింది కాబట్టి, పాత ఫోన్లో అది రెండుగా విడిపోవచ్చు. పేరు పొడవుకు హద్దు పెట్టక తప్పనప్పుడు ఆ హద్దును ఉదారంగా పెట్టండి.

మిగతావి త్వరగా చెబుతాను. ఫెచ్ పెట్టినప్పుడు సర్వర్ 404 ఇచ్చినా అది విజయంగానే వస్తుంది, రెస్పాన్స్‌లో ఓకే ఉందో లేదో మీరే చూడాలి. హాస్టల్ వైఫైలో లాగిన్ అడిగే పేజీ అడ్డం వస్తే ఓకే కూడా ట్రూయే ఉండి, లోపల జేసన్ బదులు హెచ్‌టీఎంఎల్ ఉండవచ్చు. టైప్ చేస్తున్నంతసేపూ సర్వర్‌ను అడక్కుండా ఆపే డీబౌన్స్ మంచి పద్ధతే. కానీ ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేసే కీబోర్డులో మాట పూర్తయ్యేలోపే సగం ముక్కలు వెళ్లిపోతాయి, ఈవెంట్‌లో ఈజ్‌కంపోజింగ్ ఉందేమో చూసి ఆగాలి. వాడుకరి రాసినదాన్ని ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో ఎప్పుడూ పెట్టకండి, టెక్స్ట్‌కంటెంట్‌లో పెట్టండి. అంకెల మాటలున్న అర్రేని మ్యాప్‌తో పార్స్‌ఇంట్‌కి నేరుగా ఇవ్వకండి. మూడు సార్లు ‘10’ ఇస్తే 10, నాన్, 2 అని వస్తాయి. మ్యాప్ పంపే వరుస సంఖ్యను పార్స్‌ఇంట్ ఏ సంఖ్యామానంలో చదవాలో చెప్పే సంఖ్యగా తీసుకుంటుంది కాబట్టి.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. ఇంటర్వ్యూలో తెలుగు మాట ఇచ్చి పాలిండ్రోమ్ అడిగేవాడు ఎవరున్నారు అంటారు. నిజమే, అడిగేది ఇంగ్లిష్ మాటతోనే. ఆ ఒక్క లైను జవాబు గదిలోకి వచ్చిన ప్రతి అభ్యర్థీ చెబుతాడు, కాబట్టి దాంతో ఎవరూ ఎవరికంటే పైకి రారు. ‘ఇది ఇంగ్లిష్‌కి పనిచేస్తుంది, వికటకవికి పనిచేయదు, ఎందుకంటే ఇది’ అని రెండు వాక్యాలు కలిపినవాడు, స్ట్రింగ్ లోపల ఏముందో తనకు తెలుసని చూపించాడు. ఉద్యోగాలన్నీ అమెరికా క్లయింట్ల పని కదా, తెలుగుతో ఏం పని అనే మాట కూడా ఉంది. పైన చెప్పిన జూన్ 1 తప్పు ఆ క్లయింటుకే తగిలేది. హోసే అనే స్పానిష్ పేరులో చివరి అక్షరం మీది గీతకూ మన హైదరాబాద్ ఐత్వం గొడవే ఉంది, రెండు రూపాల్లో దాగుతుంది. అమ్మ, నాన్న, పాప కలిసి ఉన్న ఎమోజీ ఒక్కటే కనిపించినా లెంగ్త్ 8. దిల్‌సుఖ్‌నగర్ పేరుతో పాఠం నేర్చుకున్నవాడు అక్కడా అదే మందు వాడతాడు.

ఇంకొందరు, ఇవన్నీ చూసుకోవడానికి లైబ్రరీలు లేవా అంటారు. ఉన్నాయి, చాలా మంచివి ఉన్నాయి. కానీ 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే, దాని మీద ఆధారపడిన వేల ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. మాట ముందు సున్నాలో ఖాళీలో చేర్చడమే అది చేసే పని. మరుసటి ఏడు అదే పని ప్యాడ్‌స్టార్ట్‌గా భాషలోకే వచ్చింది. సెగ్మెంటర్, నంబర్‌ఫార్మాట్, నార్మలైజ్ కూడా అలాగే బ్రౌజర్‌లోనే ఉన్నాయి, డౌన్‌లోడ్ అక్కర్లేదు. ఇప్పుడు కోడ్ అంతా ఏఐ రాస్తోంది కదా అన్నది అందరి నోటా ఉన్న మాట. అది రాస్తుంది, బాగా కూడా రాస్తుంది, అదృశ్య జాయినర్ సంగతి అడిగితే సరైన జవాబే ఇవ్వగలదు. అడగాలంటే అలాంటిది ఒకటుందని మీకు తెలియాలి. రాసిచ్చినదాన్ని పరీక్షించే పని మీ మీదే ఉంటుంది, ఆ పరీక్షకు ఏ మాట ఇవ్వాలో తెలిసినవాడి చేతిలో ఆ సాధనం ఇంకా పదునెక్కుతుంది.

వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది సమయం గురించిన అభ్యంతరం. కోర్సు కొన్ని నెలలే, ఫీజు కట్టాలి, హాస్టల్ అద్దె కట్టాలి, ఇంట్లో వాళ్లు ఉద్యోగం ఎప్పుడని అడుగుతుంటారు. ఈ స్థితిలో ఉన్నవాడికి యూనికోడ్ చదవమని చెప్పడం న్యాయం కాదు, నేను చెప్పడం లేదు. చెప్పేది చిన్నది. ఒక అర్రే తయారు చేసుకోండి. అందులో ‘వికటకవి’, ‘దిల్‌సుఖ్‌నగర్’, ‘వెంకటేశ్వర్లు’, కామాతో ‘8,500’, జూన్ 2 అర్ధరాత్రి, ఒక ఖాళీ స్ట్రింగ్ పెట్టండి. ఎక్కడి నుంచి ఏ కోడ్ తెచ్చినా నోట్స్‌లోకి ఎక్కించే ముందు వీటిలో దానికి తగినవి ఇచ్చి చూడండి. ఒకటి రెండు నిమిషాల పని. తప్పితే ఆ తప్పును కోడ్ పక్కనే తెలుగులో ఒక వాక్యంగా రాయండి. వంద కోడ్ ముక్కలు దాచుకున్న నోట్స్ కంటే, ఇలా పక్కన వాక్యం ఉన్న పది ముక్కల నోట్స్ ఉద్యోగంలో ఎక్కువ కాలం పనికొస్తుంది. ముక్క మరిచిపోయినా వాక్యం గుర్తుంటుంది, దాన్ని పట్టుకుని కోడ్ మళ్లీ రాసుకోవచ్చు.

ప్రాజెక్టు పూర్తయి గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు, రీడ్‌మీ ఫైల్లో ‘ఇది ఏం చేస్తుంది’ అన్న పేరా కింద ‘ఇది ఎక్కడ పనిచేయదు’ అని ఇంకో పేరా రాయండి. పాత ఫోన్లో వత్తు అక్షరం రెండుగా లెక్కకొస్తుందని, ఎల్.బి. నగర్ అని హ్రస్వంతో రాస్తే పట్టికలో ఉంటేనే దొరుకుతుందని, మీకు తెలిసినంతవరకు దాచకుండా రాయండి. మీ కోడ్‌ను ఇంకొక విద్యార్థి తీసుకెళ్లి తన నోట్స్‌లో పెట్టుకుంటాడు. అతనికి ఆ పేరా కావాలి.